నా భార్య ఒప్పుకోదు

ఫిబ్రవరి 5, బుధవారం

ఈ ఉదయం బొనిసిలే చేతిలోంచి టీ కప్పు జారింది. ఇది నాలుగోది. నేనేమీ లెక్కపెట్టడం లేదు.

"కప్పు తడిగా ఉంది," అన్నాడు.

"తడి కప్పులు ఎడమచేతిలోంచే జారతాయా నాన్నా?" అంది లియెమా. దానికి పద్నాలుగేళ్ళు. దాని ప్రశ్నలకు జవాబులు చెప్పడం మేమిద్దరం ఎప్పుడో మానేశాం.

నూట పద్దెనిమిది కిలోల మనిషి మోకాళ్ళ మీద వంగి పింగాణీ ముక్కలు ఏరుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. రగ్బీ జట్టులో పద్నాలుగు సీజన్లుగా మూడో నంబరు జెర్సీ అతనిదే. స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ వంగి ఎదురెదురుగా తోసుకునేటప్పుడు, మొదటి వరుసలో కుడివైపు నిలబడి, ఎదుటి జట్టువాళ్ళ రెండు తలల మధ్య తన తల దూర్చాలి. వెనకనుంచి తనవాళ్ళు, ముందునుంచి పరాయివాళ్ళు తోస్తుంటే కదలకుండా ఉండాలి. అంతే ఉద్యోగం. పెళ్ళైన కొత్తలో మా నాన్న అడిగాడు, "అల్లుడు ఏం చేస్తాడమ్మా?" అని. "కదలడు నాన్నా," అన్నాను. దానికి జీతం ఇస్తారంటే ఆయన చివరిదాకా నమ్మలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

మెడ డాక్టరు ఇచ్చిన రిపోర్టు ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళాడు. కవరు అంటించి లేదు. అతని మెడ, అతని కాగితం. నేను చదవలేదు.

మూడో పేరా మాత్రం మరీ పొడిగా రాశారు. ఐదో పూస, ఆరో పూస, వాటి మధ్య డిస్కు. సరే. "ఇంకొక్క బలమైన ఒత్తిడి" అంటే ఎంత బలమైనది? ఎడమచేయి "శాశ్వతంగా" అనే మాట అంత తేలిగ్గా వాడేయడమేనా? నా విద్యార్థి ఎవరైనా ఇలా రాస్తే ఆధారం ఏదని మార్జిన్‌లో రాసేదాన్ని.

ఫిబ్రవరి 9, ఆదివారం

జట్టువాళ్ళు ఇంకో ఏడాదికి కాంట్రాక్టు ఇస్తామంటున్నారు. ఏప్రిల్ ముప్పైలోగా సంతకం పెట్టాలి. ముప్పై ఏడేళ్ళ వాడికి ఎవరిస్తారు? కానీ కుడివైపు నిలబడేవాళ్ళు దొరకడం లేదట. కుర్రాళ్ళందరికీ బంతి పట్టుకుని పరిగెత్తాలనే ఉంటుంది కదా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అడిగాడు.

"నువ్వేమంటావు మాంతోలో?"

ఏదైనా ముఖ్యమైన మాట అయితేనే నన్ను నా పుట్టింటి వంశం పేరుతో పిలుస్తాడు. మామూలప్పుడు "ఏమోయ్."

"అది నీ మెడ," అన్నాను.

"నా మెడేలే. నువ్వేమంటావని."

"ఒకవైపు చూస్తే నీకిది పద్నాలుగేళ్ళ బతుకు. మరోవైపు..."

టీవీ పెట్టేశాడు.

యూనివర్సిటీలో నా వెనక నన్ను "మరోవైపు మేడమ్" అంటారని నాకు తెలుసు. చరిత్ర చెప్పేవాళ్ళకు అది తిట్టేమీ కాదు. ఒక మనిషి తన ఒంటితో ఏం చేసుకోవాలో ఇంకో మనిషి తీర్పు చెప్పకూడదని నేను నిజంగానే నమ్ముతాను. నాకు ఇందులో ఏ అభిప్రాయమూ లేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

యూనివర్సిటీకి వెళ్తూ వీధి చివర నొంబులేలో దగ్గర ఆగాను. మా న్యూ బ్రైటన్‌లో ఆమెలా పులిసిన పిండి ముద్దలతో అమగ్విన్యా వేయించేవాళ్ళు లేరు. బయట కరకర, లోపల దూది. నన్ను చూసి నూనెలోంచి గరిటె కూడా తియ్యలేదు.

"ఏం చెల్లీ, ఆయన్ని ఆట మాన్పిస్తున్నావట?"

"ఎవరన్నారు?"

"ఆయనే. నిన్న ఇక్కడే నిలబడి చెప్పాడు. 'ఆడాలనే ఉంది అక్కా, నా భార్య ఒప్పుకోదు' అని. ఆ మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది. ఆరు అడిగితే ఎనిమిది కట్టాను పాపం."

"ఇంటికి ఆరే వచ్చాయే."

"ఊరుకో తల్లీ. అంత దిగులులో ఉన్నాడు, దారిలో రెండు తినడా ఏంటి?"

ఫిబ్రవరి 23, ఆదివారం

చర్చిలో ముగ్గురు నా చేయి పట్టుకుని "ఆలోచించుకో" అన్నారు. నాలుగో ఆమె నా చేయి పట్టుకోలేదు. అదింకా ఘోరం.

సాయంత్రం అత్తయ్య ఫోను, ఊరినుంచి.

"కోడలు పిల్లా, నీకు చదువెక్కువైంది."

"అత్తయ్యా, నేనసలు ఏమీ..."

"వీడి నాన్న నలభై రెండేళ్ళదాకా ఆడాడు."

"మామయ్యకు చివరిదాకా మెడ తిరగలేదు కదా అత్తయ్యా."

"తిరగాల్సిన పనేముంది? చూడాల్సినవన్నీ ఎదురుగానే ఉన్నాయి, నాతో సహా."

బొనిసిలే పక్కగదిలో ఉన్నాడు. మామూలుగా ఫోను మోగితే మొదట పరిగెత్తేది అతనే. ఈ రోజు వినపడలేదట.

నిలదీయాలి. నిలదీయలేదు. ఎందుకంటే, నాకు లేని అధికారాన్ని ఊరంతా కలిసి నాకు కట్టబెట్టింది. కాస్త బావుంది కూడా. నూట పద్దెనిమిది కిలోల మనిషిని కనుసైగతో ఆపగల ఆడదాన్నట!

మార్చి 8, శనివారం

ఐదో కప్పు. ప్లాస్టిక్‌వి కొనమంది లియెమా. కొన్నాను. కప్పులు మార్చడం అభిప్రాయం చెప్పడం కిందికి రాదు.

మార్చి 20, గురువారం

క్లాసుకు వెళ్ళబోతుంటే కోచ్ కోబస్ ఫోన్ చేశాడు. పద్నాలుగేళ్ళలో నాతో అతను మాట్లాడింది రెండుసార్లు. ఒకసారి బొనిసిలే పళ్ళు ఊడినప్పుడు, ఇంకోసారి దవడ విరిగినప్పుడు. "ఏం విరిగింది?" అన్నాను.

"మేడమ్, కంగారు పడకండి. మీకు థాంక్స్ చెబుదామని."

"దేనికి?"

"బొనిసిలే అంతా చెప్పాడులెండి. 'నాకు ఆపేయాలనే ఉంది కోచ్, కానీ నా భార్య ఒప్పుకోదు. ఇంకో ఏడాది ఆడాల్సిందే అంటోంది' అన్నాడు. ఇలాంటి భార్యలు నా జట్టులో ఇంకో ఇద్దరున్నా చాలు, నా జుట్టు నల్లగానే ఉండేది."

అదే మాట. ఒక్క అక్షరం తేడా లేకుండా అదే మాట.

"మీ జట్టు డాక్టరు మెడ చూశారా?" అన్నాను.

"చూశాడు. కొంచెం బిగుసుకుందన్నాడు. ఏం, పెద్ద డాక్టరు దగ్గరికేమైనా వెళ్ళాడా?"

రిపోర్టు ఫ్రిజ్ మీదే ఉంది. నేను దాని పక్కనే నిలబడి ఉన్నాను.

"అది ఆయన్నే అడగండి," అని ఫోన్ పెట్టేశాను.

ఇది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. క్లాసులో నలభై నిమిషాలు ఆధారాలను దాచిపెట్టడం గురించి పాఠం చెప్పాను. బాగా చెప్పానట.

మార్చి 22, శనివారం

గుడ్లు వేయిస్తున్నాడు. కుడిచేత్తో.

"కోచ్ ఫోన్ చేశాడు."

గరిటె ఆగింది. "ఏమన్నాడు?"

"నాలాంటి భార్య దొరకడం నీ అదృష్టమన్నాడు."

"అది నేనెప్పుడూ అనేదేగా."

"నొంబులేలోతో ఒకటి, కోచ్‌తో ఒకటి. ఇంతకీ నేను దేనికి ఒప్పుకోను బొనిసిలే? ఆడడానికా, ఆపడానికా?"

గుడ్డు మాడుతోంది. మంట తగ్గించాడు.

"నువ్వు ఏదో ఒకటి అంటావని చూశాను," అన్నాడు. "నెలన్నర చూశాను. నువ్వేమీ అనకపోతే నీ తరఫున రెండూ నేనే అనాల్సొచ్చింది."

"నీకేం కావాలో నువ్వు చెప్పొచ్చుగా?"

"నువ్వు ముందు చెప్పు."

"నువ్వు చెప్పు."

"పెళ్ళికి ముందు కూడా ఇలాగే ఉండేవాళ్ళా మీరు?" అంది లియెమా, మాడిన గుడ్డును తన ప్లేటులోంచి తండ్రి ప్లేటులోకి నెడుతూ. "అసలు నేనెలా పుట్టాను?"

మార్చి 30, ఆదివారం

ఒకసారి నిజాయితీగా రాసుకుంటే మంచిది.

ఆపేస్తే రోజంతా ఇంట్లో ఉంటాడు. విశ్రాంతి పేరుతో ఉన్న ఈ ఆరు వారాల్లోనే నా పుస్తకాలన్నీ ఎత్తు ప్రకారం సర్దాడు. పందొమ్మిదో శతాబ్దం పక్కన వంటల పుస్తకం ఉంది. మెడ కదలకుండా పెట్టుకునే పట్టీ ఒకటి కొన్నాను. అది పెట్టుకుని వీధిలో తిరిగితే పిల్లలు సెల్యూట్ కొడుతున్నారట, తీసేశాడు.

ఆడితే చేయి పోవచ్చు. పోకపోవచ్చు కూడా. రిపోర్టులో "అవకాశం ఉంది" అనే ఉంది. ఉందని విన్నాను.

నాకైతే ఆ ఆట మీద పెద్ద మోజు లేదు. సొంత మైదానంలో అతనాడిన మ్యాచుల్లో నేను చూడనివి పద్నాలుగేళ్ళలో మూడే, అందులో ఒకటి లియెమా పుట్టిన రోజు. కానీ అది వేరే సంగతి. మావాళ్ళ స్క్రమ్ ముందుకు కదిలినప్పుడల్లా స్టేడియంలో గొంతు చించుకునేది నేను కాదని లియెమాతో వాదించాను. ఫోనులో వీడియో చూపించింది. ఎవరో నాలాంటి ఆవిడ, నా కోటు వేసుకుని.

ఏప్రిల్ 1, మంగళవారం

ఏమీ చెప్పలేదు. తను కూడా.

ఏప్రిల్ 13, ఆదివారం

ఈస్టర్‌కి ఊరెళ్తున్నాం. ప్రతి ఏడాదీ శనివారంనాడు మా అత్తింటివాళ్ళ ఊరు ఎమ్తోంబేకీ పక్కూరు లువాలాకీ మ్యాచ్. నలభై ఏళ్ళుగా. జీతం తీసుకుని ఆడేవాళ్ళు అందులో దిగకూడదని బొనిసిలే కాంట్రాక్టులోనే ఉంది కనుక నాకు బెంగ లేదు. పెద్దల పక్కన కూర్చుని సలహాలు చెబుతాడు. చర్చి బూట్లు సర్దాను.

ఏప్రిల్ 19, శనివారం

వరసగా రాస్తాను.

మైదానానికి ఈవైపు ఆడవాళ్ళం, ఆవైపు పెద్దమగవాళ్ళు. నేను తలకు గుడ్డ, నడుముకు శాలువా చుట్టుకుని కోడళ్ళ చాప మీద ఉన్నాను. పెళ్ళై పదిహేనేళ్ళైనా, రెండు డిగ్రీలైనా, ఇక్కడ నేను కోడలు పిల్లనే. అత్తయ్య ఒక్కత్తే కుర్చీలో. పొద్దున్న మేకలు మేసిన గడ్డి మీద సున్నం గీతలు ఇంకా తడిగానే ఉన్నాయి.

లువాలావాళ్ళు పరుగులో గట్టివాళ్ళు. మావాళ్ళకున్నదల్లా తోపుడే. మొదటినుంచీ ప్రతి స్క్రమ్‌లోనూ లువాలా ముందువరుస బండి వెనక్కి పోయినట్టు పోతోంది. ఇంకా పది నిమిషాలుంది. పద్నాలుగు వాళ్ళవి, పన్నెండు మావి. వాళ్ళ గీతకు ఐదు మీటర్ల దూరంలో మాకు స్క్రమ్ దొరికింది. ఒక్క తోపు, బంతి ఆ గీత దాటితే గెలుపు. సరిగ్గా అప్పుడే మా మూడో నంబరు, పోస్టాఫీసులో పనిచేసే ఆయన, డొక్క పట్టుకుని కూలబడ్డాడు. అతని బదులు దిగాల్సినవాడు తెల్లారేసరికే బీరు కుండ దగ్గర చేరి, ఇప్పుడు కంచె కింద నిద్రపోతున్నాడు.

రిఫరీ విజిల్ ఊదాడు. "మొదటి వరుసలో నిలబడడం నేర్చినవాడు ఇంకొకడున్నాడా? లేకపోతే ఇకనుంచి తోపుడు లేని స్క్రమే."

తోపుడు లేకపోతే మావాళ్ళకు ఇంకేముంది? పదహారుమంది వంగి, ఒకరి మీద ఒకరు ఊరికే ఆని, బంతి దొర్లగానే నడుములు నిటారు చేసుకోవడమే.

మైదానమంతా బొనిసిలే వైపు చూసింది.

"ఒక్క స్క్రమ్ బిడ్డా," అన్నాడు వుయిసిలే చిన్నమామయ్య. మా జట్టు పెద్ద ఆయనే. "ఒక్కటంటే ఒక్కటే. కాంట్రాక్టు కాగితం ఇక్కడ చదివేవాడెవడు?"

బొనిసిలే నావైపు చూశాడు. మైదానం అడ్డంగా, అంత దూరంనుంచి. తర్వాత వంగి చర్చి బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు. ఎడమచేతి వేళ్ళకు ముడి చిక్కలేదు. ఆ చేతిని ఎవరిదో వస్తువులా పక్కన పెట్టి, కుడిచేత్తో లాగాడు.

అప్పటికి నేను లేచి నిలబడి ఉన్నాను. ఆపడానికే లేచాను. ఇంకెందుకు లేస్తాను?

"బెలే!" అని అతని వంశం పేరుతో అరిచాను.

ఇక్కడ సగం ఊరిది బెలే వంశమే. పదకొండుమంది తిరిగి చూశారు. అందులో ముగ్గురు లువాలా ఆటగాళ్ళు. గీత దగ్గర జెండా పట్టుకున్న ముసలాయన కూడా "నన్నా తల్లీ?" అన్నాడు.

"బొనిసిలే!"

అత్తయ్య నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఈ ఊళ్ళో నేనా పేరు పలకడం అదే మొదలు. ఇక్కడ అతను లియెమా తండ్రి, అంతే. పేరు పలికిందే కాక గీత దాటి లోపలికి నడిచాను. మగవాళ్ళు ఆడుతుండగా కోడలు అడుగు పెట్టే చోటు కాదది. శాలువా జారిపోతుంటే పట్టుకుని మధ్యదాకా వెళ్ళాను.

"వద్దు. నేను ఒప్పుకోను. టీ కప్పు పట్టలేని చేత్తో మనిషినెలా పట్టుకుంటావు? ఐదో పూసకూ ఆరో పూసకూ మధ్య డిస్కు..." అని మొదలుపెట్టి మూడో పేరా మొత్తం అప్పజెప్పాను. కామాలతో సహా. రెండూళ్ళ ముందు.

ఎక్కడో మేక అరిచింది.

"తల్లీ," అన్నాడు లువాలా కెప్టెన్, "మాకు కూడా ముందువరుసలో గట్టి మనిషి కావాలి. వస్తావా?"

రెండూళ్ళూ పగలబడి నవ్వాయి. ఆ నవ్వులో నేను బొనిసిలేని చూశాను. అప్పటికే లేసు కట్టేసుకున్నాడు. అంత చురుగ్గా అతను ఏదీ చేయగా నేనెప్పుడూ చూడలేదు.

తోపుడు లేని స్క్రమ్ వేశారు. పరామర్శకొచ్చిన చుట్టాల్లా వంగి, ఒకరి భుజం ఒకరు ముట్టుకుని లేచారు. పన్నెండు పద్నాలుగుతో ఓడిపోయాం. లోపలికి నడిచినందుకు చిన్నమామయ్య నాకు ఒక బ్రాందీ సీసా జరిమానా వేశాడు. "పెద్ద సీసా," అన్నాడు. "నువ్వు చదివిన పేరా చిన్నదేం కాదు."

ఏప్రిల్ 20, ఈస్టర్ ఆదివారం

అత్తయ్య పొద్దుటినుంచీ నాతో మాట్లాడలేదు. మొక్కజొన్న గింజలు, చిక్కుళ్ళు ఉడుకుతున్నంతసేపూ లేదు, మాంసం పంచేటప్పుడూ లేదు. గిన్నెలు కడిగేటప్పుడు పక్కన కూర్చుని, నావైపు చూడకుండా అంది:

"వీడి నాన్న మెడ గురించి నేనెప్పుడూ అరవలేదు."

ఒక గిన్నె కడిగి బోర్లించింది.

"అరవాల్సింది," అంది.

ఏప్రిల్ 24, గురువారం

వీధిలో తలెత్తి తిరగలేకపోతున్నాను. ఎవరో వీడియో తీశారు. మా డిపార్ట్‌మెంట్ హెడ్ చూసి, "ఒకవైపే మాట్లాడారే!" అన్నాడు.

ఏప్రిల్ 30, బుధవారం

పొద్దున్నే కోచ్ దగ్గరికి వెళ్ళాడు. ఏం చెబుతాడో నాకు తెలుసు. ఇప్పుడు రెండూళ్ళ సాక్ష్యం కూడా ఉంది కదా. పదకొండింటికి వచ్చాడు, చేతులు కడుక్కున్నాడు, కూర్చున్నాడు.

"చెప్పేశాను. సంతకం పెట్టనన్నాను."

"నా భార్య ఒప్పుకోదనే కదా?"

"కాదు." తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "భయమేస్తోందన్నాను."

నేనేమీ అనలేదు. ఈసారి అనకపోవడం వేరు.

"పోయిన చలికాలం నుంచి. రిఫరీ 'వంగండి' అనగానే భుజంలోంచి మంట దిగుతుందేమోనని ముందే కళ్ళు మూసేస్తున్నాను. పద్నాలుగేళ్ళు కళ్ళు తెరుచుకునే తల దూర్చాను, మాంతోలో. నీకు చెప్పడానికి సిగ్గేసింది. నువ్వు వద్దంటే నీ మీద పెట్టి తప్పుకుందామనుకున్నా. ఆడమంటే నీ మీద పెట్టి ఆడదామనుకున్నా."

"కోచ్ ఏమన్నాడు?"

"లేచి తలుపు వేసొచ్చాడు. ముప్పై నాలుగో ఏట తనకూ ఇలాగే అయిందట. అందరికీ 'నా భార్య ఒప్పుకోదు' అని చెప్పి మానేశాడట." తువ్వాలు మడతపెట్టాడు. "ఆ సంగతి ఆవిడకు ఇప్పటికీ తెలియదట."

మే 3, శనివారం

మధ్యాహ్నం మూడు గంటలు. ఇన్నేళ్ళలో ఈ వేళకు అతను ఇంట్లో ఉన్న శనివారాలు తక్కువ. మెట్ల మీద కూర్చున్నాం. పక్కింట్లో టీవీలో మ్యాచ్ మొదలైంది. మేం పెట్టలేదు. ఒకరికోసం ఒకరం పెట్టలేదు.

పక్కింటి టీవీలో జనం హోరెత్తారు. స్క్రమ్ కదిలినట్టుంది. నా ఒళ్ళు ఝల్లుమంది. దాచుకోలేకపోయాను.

"ఒకటి చెప్పాలి నీకు," అన్నాను. "ఆ రోజు ఊళ్ళో నేను లేచింది నిన్ను ఆపడానికి కాదు."

"ఊఁ."

"ఐదు మీటర్ల దూరం. ఒక్క తోపు. నువ్వు దిగితే చాలు. నువ్వు దిగాలనే లేచాను. వెళ్ళు అనే మాట నోట్లోనే ఉంది. నీ వేళ్ళకు లేసు చిక్కకపోవడం చూశాక మాట మారిపోయింది. అప్పటిదాకా, ఈ మూడు నెలలూ, నాకు అభిప్రాయం లేదని రాసుకుంటూ వచ్చాను. ఉంది. నువ్వు ఇంకో ఏడాది ఆడాలనే ఉంది. చేయి పోతుందని తెలిసి కూడా. నేనలాంటిదాన్ని."

తిడతాడేమోనని చూశాను. పెద్ద శరీరం మొత్తం కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఎలా తెలుసు?"

"రిఫరీ ఇంకా అడగనే లేదు, నువ్వు చాప మీద లేచి నిలబడ్డావు. రెండు చేతులూ పైకెత్తి. నేనింకా కూర్చునే ఉన్నాను."

"మరి లేసెందుకు విప్పావు?"

నవ్వు ఆపి నావైపు చూశాడు, మెడ తిప్పలేక భుజాలతో సహా ఇటు తిరిగి.

"నువ్వు లేచావు కదా," అన్నాడు.